భయం గీసిన ముఖం

నాంచారి ఆ యంత్రాన్ని తయారుచేసింది వాళ్ల నాన్న కోసం. ప్రయోగశాలలో ఆ సంగతి ఎవరికీ తెలీదు. చెప్పాల్సిన పనీ లేదనుకుంది.

వాళ్లది గరువుపాలెం. ఒంగోలు దాటి సముద్రం వైపు పోతే జీడిమామిడి తోటల వెనక ఇసుక నేలల్లో ఉంటుంది. ఊరంతా ఎరుకలవాళ్లే. తెల్లదొరల కాలంలో ఆ కులం మొత్తాన్నీ పుట్టుదొంగలని చట్టంలో రాసి, ఎక్కడెక్కడివాళ్లనో తెచ్చి అక్కడ కంచె లోపల పెట్టారు. దానికి సెటిల్మెంటని పేరు. తర్వాత చట్టం పోయింది, కంచె పోయింది, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నోట్లో దొంగలన్న పేరు మాత్రం పోలేదు. ఎవరింట్లో గొలుసు పోయినా, ఎవరి చేలో మోటారు పోయినా పోలీసు జీపు నేరుగా అక్కడికే వచ్చేది. ఎవర్ని ఎక్కించుకోవాలన్న పట్టింపు కూడా పెద్దగా ఉండేది కాదు. ఆ పూట ఇంటి దగ్గర ఎవరుంటే వాళ్లే.

నాంచారి తండ్రి అంకయ్య ఈతబుట్టలు అల్లేవాడు. ఇంటిపట్టున కూర్చుని చేసే పని కాబట్టి ఎక్కువసార్లు ఆయనే దొరికేవాడు. ఆఖరిసారి తీసుకెళ్లి వదిలిపెట్టాక కుడి మోకాలు మళ్లీ వంగలేదు. మంచం మీద కాలు బారజాపుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని అన్నం తినేవాడు. అప్పుడు పోయిందన్న నగ ఫిర్యాదు ఇచ్చినావిడ బియ్యం డబ్బాలోనే దొరికిందట. ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరూ జీపేసుకుని రాలేదు.

నాంచారి అప్పుడు క్రైస్తవ మిషను హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. సెలవులకు ఇంటికొచ్చి తండ్రి కాలికి నూనె రాస్తూ ఆ పిల్ల ఒక ఆలోచన చేసింది. దొంగను చూసినవాళ్ల తలలో దొంగ ముఖం ఉండే ఉంటుంది. దాన్ని ఎవరైనా బయటికి తీసి గోడమీద చూపిస్తే, అది మా నాన్న ముఖం కాదని అందరికీ తెలిసిపోతుంది కదా. అంతే. ఆ ఆలోచన వెంటే నడిచి ఆమె విశాఖపట్నం దాకా వెళ్లింది, మెదడు గురించి చదివింది, డాక్టరేటు తెచ్చుకుంది. పరిమి భాస్కరం గారు నడిపే ప్రయోగశాలలో చేరి, ఆయనతో కలిసి ఏళ్ల తరబడి పనిచేసి దర్శినిని నిలబెట్టింది. అది చూడకుండానే అంకయ్య పోయాడు.

దర్శిని చూడ్డానికి సామాన్యంగానే ఉండేది. జల్లెడలాంటి ఒక టోపీ, దాని వెనక ఒక పెట్టె, ఎదురుగా తెర. మనిషి ఒక ముఖాన్ని గుర్తు తెచ్చుకున్నప్పుడు మెదడులో పుట్టే సన్నటి కదలికను టోపీ పట్టుకునేది. పెట్టె దాన్ని బొమ్మగా మార్చేది. మొదట్లో పొగమంచులో నిలబడ్డ మనుషుల్లా వచ్చేవి ముఖాలు. తర్వాత్తర్వాత కనుబొమల మధ్య మచ్చ కూడా తెలిసేంత స్పష్టంగా రావడం మొదలైంది.

ఒకరోజు క్యాంటీన్‌లో వంటచేసే అప్పలనరసమ్మ, ఆ టోపీ తననీ పెట్టుకోనిస్తారా అని బెరుగ్గా అడిగింది. ఆమె కొడుకొకడు చిన్నప్పుడే పోయాడు. ఫోటో ఒక్కటీ లేదు. నాంచారి ఆమెను కూర్చోబెట్టి, ఆ పిల్లవాణ్ణి తలుచుకోమంది. కాసేపటికి తెరమీద గుండ్రటి ముఖం, నుదుటిమీద పెద్ద దిష్టిబొట్టు, ఎవరినో చూసి నవ్వబోతున్న పెదాలు. అప్పలనరసమ్మ లేచి తెరను రెండు చేతులతో తడిమింది. వీడే నా నాయన, వీడే అంటూ అక్కడే కూలబడింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ కళ్లు చెమర్చాయి. భాస్కరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. యంత్రం నిజం చెబుతుందా లేదా అన్న ప్రశ్న ఆ రోజుతో ఆ గదిలో ఎవరికీ మిగల్లేదు.

ఏడాది తిరక్కుండా పోలీసు శాఖ దర్శినిని జిల్లాలకు తీసుకుంది. మొదటి కేసు ఒక నర్సుది. రైల్లో ఆమె మెడలో గొలుసు తెంపుకుని దూకినవాణ్ణి ఆమె క్షణంసేపు చూసింది. తెరమీద తెల్లగా, శుభ్రంగా ఉన్న కుర్రవాడి ముఖం వచ్చింది. ఇంజినీరింగు చదువుతున్న పిల్లవాడు. గొలుసు అతని పెట్టెలోనే దొరికింది. ఆ సాయంత్రం నాంచారి తమ్ముడికి ఫోన్‌ చేసింది.

తమ్ముడి పేరు గిద్యోను. నాయనమ్మ పట్టుబట్టి పెద్దదానికి కులదేవత పేరు పెడితే, చిన్నవాడికి పాస్టరు గారు బైబిల్లోంచి తీసి పెట్టారు. గిద్యోను కరెంటు ఆఫీసులో కాంట్రాక్టు లైన్‌మన్. భార్య సలోమితో, చిన్న కూతురితో గరువుపాలెంలోనే ఉండేవాడు. తల్లి కోటమ్మా అతని దగ్గరే.

"ఇక మన పేటకి జీపు రాదురా," అంది నాంచారి.

గిద్యోను నవ్వి, వస్తే రానీయక్కా, మా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దారి బాగాలేదు, జీపొస్తేనైనా రోడ్డేస్తారేమో అన్నాడు. అతని వేళాకోళానికి ఆమె కూడా నవ్వింది. ఫోన్‌ పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గర నిలబడి సముద్రం చూస్తూ ఉండిపోయింది. తండ్రి బతికుంటే ఈ సంగతి ఎలా చెప్పి ఉండేదో అని మాటలు కూర్చుకుంది.

మరుసటి వేసవిలో యశ్వంత్‌ అనే కుర్రవాడు హైవే మీద తనను దోచుకున్నారని ఫిర్యాదు ఇచ్చాడు. రైసుమిల్లు యజమాని కొడుకు. దారికి అడ్డంగా రాళ్లు పెట్టి కారు ఆపారనీ, తప్పించుకోబోతే కారు కల్వర్టుకు గుద్దుకుందనీ, మెడలో గొలుసు లాక్కుని పోయారనీ చెప్పాడు. పోలీసులు టోపీ పెట్టారు. ముఖం చాలా తేటగా వచ్చింది. నల్లటి సన్నటి మనిషి, ఎత్తు దవడలు, పలచటి మీసం, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. కంప్యూటరు ఆ బొమ్మను డ్రైవింగు లైసెన్సుల ఫోటోలతో పోల్చి చూసి ఒక పేరు ఇచ్చింది.

గిద్యోను స్తంభం ఎక్కి పనిచేస్తుండగా కింద జీపు ఆగింది. పని పూర్తిచేసి దిగుతానన్నాడట. సరే, అలాగే దిగమన్నారట కూడా. దిగాక కొట్టారు.

నాంచారి రాత్రంతా బస్సులో కూర్చుని పొద్దున్నే స్టేషనుకు చేరింది. సీఐ రమణారావు ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. దర్శిని శిక్షణలో ఆమె పాఠం విన్నవాడు. లోపలున్నవాడు ఆమె తమ్ముడని తెలిసి ఇబ్బంది పడ్డాడు గానీ, మేడం, బొమ్మ మీరే చూడండి అని తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె చూసింది. అచ్చంగా గిద్యోను అని చెప్పలేం. చెవులు వేరు, చూపు వేరు. కానీ దారిన పోయేవాళ్లెవరినైనా అడిగితే ఇద్దరూ ఒకటే అంటారు.

అదృష్టం బాగుండి, ఆ హైవే సంఘటన జరిగిన పూట గిద్యోను సబ్‌స్టేషన్‌లో ఇంజినీరు పక్కనే ఉన్నాడు. ఆ ఇంజినీరు వచ్చి సాక్ష్యం చెప్పాడు. వదిలేశారు. ఎక్కడో పోలిక కలిసింది, ఇలాంటివి జరుగుతుంటాయి అని నాంచారి తనకు తాను సర్దిచెప్పుకుంది. తమ్ముడికి కూడా అదే చెప్పింది. అతను వాచిన పెదవితో టీ తాగుతూ తల ఊపాడు. ఈలోగా ఆ బొమ్మ పేపర్లలో, టీవీల్లో, చేతిలో ఉన్న ప్రతి ఫోన్‌లో తిరిగింది. హైవే దొంగ అని కింద పేరు. వదిలేసిన వార్త ఎక్కడా రాలేదు.

రెండోసారి కావలి దగ్గర ఎవరో ముసలాయన ఇంట్లో దొంగలు పడితే ఆ ముఖమే వచ్చింది. మూడోసారి రాజమండ్రిలో. ఈసారి చెవులు కూడా కలిశాయి. ఇక ఆపైన లెక్క పెట్టడం సలోమి మానేసింది. జీపు చప్పుడు వినపడగానే అన్నం డబ్బా కట్టి చేతికిచ్చేది, స్టేషన్‌లో ఎప్పుడు పెడతారో ఏమో అని.

నాలుగోసారో అయిదోసారో గిద్యోను నెల్లూరులో లాకప్పులో ఉండగానే, అదే పూట కాకినాడలో ఒక దొంగతనం జరిగింది. అక్కడి సాక్షి తలలోంచి కూడా గిద్యోను ముఖమే బయటికొచ్చింది. ఆ వార్త చూసి నాంచారి ఇంక దీనితో తేలిపోయిందనుకుంది. ఇంతకంటే ఏం రుజువు కావాలి. సీఐ రమణారావుకు ఫోన్‌ చేసి చెప్పింది. ఆయన, అయితే వీడి పోలికతో ఇంకోడున్నాడన్నమాట మేడం, మీ వాళ్లల్లో అన్నదమ్ముల పిల్లలంతా ఒక్కలా ఉంటారు కదా అన్నాడు. ఆ వారమే గిద్యోను చిన్నాన్న కొడుకులిద్దర్ని తీసుకెళ్లారు.

అప్పుడు ఆమె యశ్వంత్‌ దగ్గరికి వెళ్లింది. రైసుమిల్లు వెనక వాళ్ల ఇల్లు. తండ్రి ఊళ్లో లేడు. యశ్వంత్‌ ఇరవై రెండేళ్ల పిల్లవాడు, మర్యాదగా కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు. తాను యంత్రం చేసిన మనిషిననీ, యంత్రంలో ఎక్కడ లోపముందో తెలుసుకోవడానికి వచ్చాననీ, పోలీసులకు చెప్పననీ ఆమె అంది. అతను గ్లాసు పక్కన పెట్టాడు. ఆ తర్వాత చెప్పాడు. అక్కడ రాళ్లూ లేవు, ఎవరూ లేరు. స్నేహితులతో తాగి కారు నడుపుకుంటూ వచ్చి కల్వర్టుకు గుద్దాడు. గొలుసు అక్కడే కాలవలో పడిపోయి ఉంటుంది. నాన్న చంపేస్తాడని భయపడి దొంగల కథ చెప్పాడు. నాన్న ఊరుకోకుండా స్టేషనుకు తీసుకెళ్లాడు.

"మరి ఆ ముఖం?" అంది నాంచారి.

"అదే నాకూ అర్థం కాలేదు మేడం. టోపీ పెడితే తెల్లతెర వస్తుంది, దొరికిపోతాననుకున్నాను. దొంగ ముఖం గుర్తు తెచ్చుకోమన్నారు. నిజంగానే నాకు కనపడ్డాడు. కారు అద్దం దగ్గర వంగి నన్ను చూస్తున్నట్టు. ఇప్పటికీ కల్లోకొస్తాడు."

ఆ మాట కోర్టులో చెప్పమని ఆమె అడిగింది. తన తమ్ముడి ఉద్యోగం పోయేట్టుందని చెప్పింది. యశ్వంత్‌ కళ్లు తుడుచుకున్నాడు. చెప్తే తప్పుడు ఫిర్యాదు కింద తనమీద కేసు పెడతారు, పై చదువు ఆగిపోతుంది, నాన్న పరువు పోతుంది. చేతులు జోడించాడు. మీ తమ్ముడికి ఏమైనా సాయం కావాలంటే మాత్రం చేస్తాం మేడం అన్నాడు. చెడ్డ పిల్లవాడేమీ కాదు. ఆమెను గేటు దాకా సాగనంపాడు.

నాంచారి విశాఖ తిరిగివెళ్లి భాస్కరం గారికి ఉన్నదున్నట్టు చెప్పింది. గిద్యోను తన తమ్ముడని ఆయనకు తెలుసు. తమ కులమేమిటో, తండ్రి మోకాలు ఎందుకు వంగలేదో ఆ రోజే మొదటిసారి చెప్పింది. ఆయన ఆఖరి దాకా విన్నారు. అయితే చూద్దాం అన్నారు.

వాళ్లు ఒక ప్రయోగం ఏర్పాటుచేశారు. ఉపన్యాసం ఉందని విద్యార్థులనూ ఆఫీసు సిబ్బందినీ హాల్లోకి పిలిచారు. మధ్యలో కావాలనే కరెంటు తీసేశారు. దీపాలు వెలిగాక భాస్కరం గారు కంగారు నటిస్తూ, నా సంచి పోయింది, ఇప్పుడే ఎవడో వెనక తలుపులోంచి పరుగెత్తాడు, చూశారా అని అడిగారు. ఎవడూ పరుగెత్తలేదు. సంచి ఆయన గదిలో బల్లమీదే ఉంది. కానీ సగం మంది చూశామన్నారు. ఒకళ్లు అడుగుల చప్పుడు విన్నామన్నారు, ఇంకొకళ్లు చొక్కా రంగు చెప్పారు. ఒక్కొక్కర్నీ దర్శిని ముందు కూర్చోబెట్టారు.

ముఖాలు వరసగా వచ్చాయి. నాంచారి వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే దాదాపు అన్నీ ఒకే ముఖంలా కనపడ్డాయి. ఎవరి భయం వాళ్లదే అయినా ఆ భయాలన్నీ ఒక్క చోటునుంచి వచ్చినవే. చిన్నప్పుడు అన్నం తినకపోతే ఎవడికి పట్టిస్తామన్నారో, సినిమాలో కత్తి పట్టుకుని చీకట్లోంచి వచ్చేవాడు ఎలా ఉండేవాడో, బస్సులో ఎవడు పక్కన కూర్చుంటే సంచి దగ్గరికి లాక్కున్నారో, వాళ్లందర్నీ కలిపి ముద్దచేస్తే ఒక ముఖం. చూడనిచోట, సరిగా చూడలేకపోయినచోట మెదడు ఆ ముఖాన్ని తెచ్చి అతికిస్తోంది. నిజంగా చూసిన ముఖానికీ అతికించిన ముఖానికీ యంత్రం దగ్గర తేడా లేదు. ఇంత పెద్ద రాష్ట్రంలో అలాంటి ముఖంతో ఎవడో ఒకడు పుట్టే ఉంటాడు. యశ్వంత్‌ భయానికి దగ్గరగా గిద్యోను దొరికాడు. అతని బొమ్మ ఫోన్లలో తిరిగింది. ఆ తర్వాత నుంచి జనం తమ భయానికి వేరే ముఖం వెతుక్కోనక్కరలేకపోయింది. ఒకే ముఖం తయారుగా ఉంది.

అప్పుడు నాంచారికి అప్పలనరసమ్మ కొడుకు గుర్తొచ్చాడు. ఆ బొమ్మ నిజంగా ఆ పిల్లవాడిదేనని తాము ఎలా నమ్మారు? ఆమె వీడే అంది కాబట్టి. ఆమె తలలోంచి తీసిన బొమ్మను ఆమెకే చూపిస్తే ఆమె ఇంకేమంటుంది?

ఆఖర్న భాస్కరం గారు తనంతట తానే టోపీ పెట్టుకున్నారు. సంచి ఎక్కడుందో తెలిసిన మనిషి, అంతా నాటకమని తెలిసిన మనిషి. దొంగ అనే మాట ఒక్కటే మనసులో అనుకుంటానన్నారు. తెరమీద నెమ్మదిగా గిద్యోను వచ్చాడు. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మొన్న సంక్రాంతి ముందు మీ తమ్ముడు మా ఇంటికి పీతలు తెచ్చిచ్చాడు గదమ్మా. మా ఆవిడ వండింది. నా పక్కనే కూర్చుని తిన్నాడు," అన్నారు. తర్వాత ఆమెను, నువ్వు కూడా ఒకసారి కూర్చుంటావా అని అడిగారు. నాంచారి తల అడ్డంగా ఊపింది. టోపీని ఆమె ఎప్పుడూ పెట్టుకోలేదు, ఆ తర్వాతా పెట్టుకోలేదు.

ఇద్దరూ కలిసి నివేదిక రాశారు. యంత్రాన్ని వెంటనే వెనక్కి తీసుకోవాలని సంతకాలు చేశారు. ప్రభుత్వం కమిటీ వేసింది. పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు శ్రద్ధగానే విన్నారు. ఒక అధికారి, దర్శిని వచ్చాక కేసులు తేలే వేగం ఎంత పెరిగిందో చెప్పాడు. ఇంకొకాయన, అమ్మా, తమ్ముడి మీద ప్రేమ ఉండటం సహజమే, కానీ సైన్సులో సొంత మనుషుల్ని చూసుకోకూడదు కదా అన్నాడు, ఓదార్పుగా. నాంచారి కాకినాడ సంగతి చెప్పింది, హాల్లో పోని సంచి సంగతి చెప్పింది. యశ్వంత్‌ పేరు కూడా చెప్పేసింది. అతన్ని పిలిపించి అడిగారు. అతను తన ఫిర్యాదు నిజమేనన్నాడు. ఆఖరికి కమిటీ, దర్శిని బొమ్మ ఒక్కదాని ఆధారంగా శిక్ష వేయరాదని నిబంధనల్లో ఒక వాక్యం చేర్చింది. అరెస్టు చేయరాదని చేర్చలేదు. భాస్కరం గారు ఆ నెలే పదవి వదిలేశారు. ప్రయోగశాలకు కొత్త అధిపతి వచ్చాడు, దర్శిని ఇంకో రెండు రాష్ట్రాలకు వెళ్లింది.

గిద్యోనును కరెంటు ఆఫీసులో పనికి రావద్దన్నారు. ఊళ్లలోకి వెళ్లి స్తంభం ఎక్కితే జనం గుమిగూడుతున్నారట. కొన్నాళ్లు రొయ్యల చెరువుల దగ్గర కాపలాకు వెళ్లాడు. చెరువు యజమాని కొడుకు ఫోన్‌లో బొమ్మ చూపించాడు, అక్కడా పోయింది. మీసం తీసేశాడు, గుండు గీయించుకున్నాడు. అయినా ఒకరోజు సంతలో ఉల్లిపాయలు బేరమాడుతుంటే ఎవరో గుర్తుపట్టారు. అక్కడ ఏమీ పోలేదు. అయినా దొంగ దొరికాడని కేక వేశారు. పోలీసులు వచ్చి విడిపించేసరికి ఎడమ చెవి వినపడకుండా పోయింది. నాంచారి ఆస్పత్రికి వెళ్తే అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కూతురు బడికి పోవట్లేదని సలోమి చెప్పింది. పిల్లలు దాన్ని వెనక బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెడుతున్నారట, పెన్సిళ్లు పోతాయని.

నాంచారి ఉద్యోగం వదిలి ఒంగోలు వచ్చేసింది. ఒక వకీలుతో కలిసి తిరుగుతూ, దర్శిని వల్ల పట్టుబడ్డవాళ్లకు సాక్ష్యం చెప్పేది. యంత్రం చేసిన మనిషే వచ్చి నమ్మవద్దంటుంటే జడ్జీలు మర్యాదగా వినేవారు. ఒకరిద్దరికి బెయిలు వచ్చింది కూడా. కానీ ఆమె ఒక కేసులో నిలబడేసరికి పది కేసులు అవతల దాటిపోయేవి.

ఆ ఏడాది వానల్లో గిద్యోనును నిజంగానే దోచుకున్నారు. అత్తగారి ఊరు వెళ్లి భార్యను మోటారు సైకిల్‌ మీద తీసుకొస్తున్నాడు. సందె చీకటి పడుతోంది, సన్నగా జల్లు. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఇద్దరు జీడిమామిడి తోట దగ్గర అడ్డుపడి, గిద్యోను తలమీద కర్రతో కొట్టి, సలోమి చెవుల కమ్మలు గుంజుకుని, బండి తీసుకుని పోయారు. సలోమి చెవి తమ్మె చీలిపోయింది.

ఫిర్యాదు వద్దని నాంచారే అంది. వకీలూ వద్దన్నాడు. గిద్యోను వినలేదు. చాలా కాలం తర్వాత అతని ముఖంలో కాస్త కళ కనపడింది.

"ఇన్నాళ్లూ నామీద ఎవరో ఒకరు ఇస్తూనే ఉన్నారు గదక్కా. నా వస్తువు పోయిందని నేనొకసారి ఇవ్వకూడదా? ఇస్తేనన్నా తెలుస్తుంది, నేనూ పోగొట్టుకునేవాళ్లల్లో ఉన్నానని."

ఆమె కూడా వాళ్లతో స్టేషనుకు బయల్దేరింది. స్టేషన్‌లో రమణారావు సలోమి చెవికున్న కట్టు చూసి జాలిపడ్డాడు. ఫిర్యాదు రాయించుకున్నాడు. సలోమి తాను కళ్లు మూసేసుకున్నానని, ఏమీ చూడలేదని చెప్పింది. ఇక గిద్యోను. ముఖాలకు గుడ్డలున్నాయి కదా, టోపీ ఎందుకని నాంచారి అడ్డుపడింది. గుడ్డ జారి ఒక్క క్షణం కనపడినా యంత్రం పట్టుకుంటుంది కదా మేడం, మీరే పాఠంలో చెప్పారు అన్నాడు రమణారావు. గిద్యోను అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు. కానిస్టేబులు టోపీ పెట్టి, నిన్ను కొట్టినవాణ్ణి గుర్తు తెచ్చుకో అన్నాడు.

గిద్యోను కళ్లు మూసుకున్నాడు. నాంచారి తెర వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. మొదట జుట్టు వచ్చింది. తర్వాత దవడలు, పలచటి మీసం. ఆ మీసం తమ్ముడు తీసేసి ఏడాది దాటింది. ఆఖరికి కళ్లు వచ్చి, కుర్చీలో కూర్చున్నవాడి వైపే చూస్తున్నట్టు నిలిచిపోయాయి.

గిద్యోను కళ్లు తెరిచి తెర చూశాడు. ఆశ్చర్యపడలేదు, ఏడవలేదు.

"దొంగ అనుకోగానే నాకు గుర్తొచ్చే ముఖం అదొక్కటేనక్కా," అన్నాడు.

సలోమి చెవి కట్టు చూపించి నాంచారి వాదించింది. బండి పోయిన చోటు, తలమీద గాయం అన్నీ చూపించింది. రమణారావు చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. తర్వాత, బొమ్మ రికార్డయిపోయింది మేడం, పైకి వెళ్లిపోతుంది, నా చేతుల్లో లేదు అన్నాడు. బండి తానే అమ్ముకుని, భార్య కమ్మలు తానే తీసుకుని దోపిడీ నాటకం ఆడాడని రాశారు. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు గిద్యోను మీద కేసు పెట్టారు. దర్శిని వచ్చినప్పటినుంచి ఆ సెక్షను కింద ఆ జిల్లాలో పెట్టిన మొదటి కేసు అదే.

జడ్జి అడిగినప్పుడు గిద్యోను ఏమీ చెప్పలేదు. నాంచారి సాక్ష్యం ఇవ్వడానికి లేచింది గానీ, ముద్దాయికి తోబుట్టువు కాబట్టి ఆ మాటకు పెద్ద విలువ ఇవ్వలేదు. కావలి కేసు దగ్గరనుంచీ పాతవన్నీ ఒక్కొక్కటే తిరగదోడి, అతన్ని జైలుకు పంపారు. ఇప్పుడు అతను కాదనడం లేదు. ఔననడమూ లేదు. జైల్లో చూడ్డానికి వెళ్తే కూతురు ఎలా ఉందని అడిగేవాడు, వానలు పడుతున్నాయా అనేవాడు. నేను చేయలేదక్కా అనే మాట ఇంతకుముందు ప్రతిసారీ అనేవాడు. ఆ మాట మానేశాడు. ఆమె అది గమనించి, గుర్తుచేయడానికి భయపడింది.

జైలు నుంచి ఆమె గరువుపాలెం వెళ్లింది. సలోమి పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. కోటమ్మ ఒక్కతే గడపలో కూర్చుని ఉంది. చూపు మందగించింది, నడుం వంగిపోయింది. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాడు తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడని చెప్పింది నాంచారి. కాపురం చేసినన్నాళ్లూ భర్తను ఎన్నిసార్లు పట్టుకెళ్లినా, ఎన్ని రాత్రులు స్టేషను గోడ పక్కన పడుకున్నా, ఒక్కసారి కూడా ఆయన్ని ఆ మాట అడగని మనిషి. ఇప్పుడు కూతురి చేయి పట్టుకుని గొంతు తగ్గించి అడిగింది.

"నాకు నిజం చెప్పవే. వాడేమన్నా చేశాడా?"

"ఏం చేయలేదమ్మా."

కోటమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మాలనే చూసింది.

"మరి వాడి తలలోంచే వాడి ముఖం వచ్చిందంట గదే," అంది. "నువ్వు చేసిన మిషను అబద్ధం చెబుద్దా?"